శిక్షణ ముగిసిన మరునాడు

1997 వేసవి సెలవులలో ఒక మధ్యాహ్నం నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. పదవ తరగతి దాకా నా దగ్గర తెలుగు చదివి, ఐటిఐలో రెండేండ్లు ఫిట్టరు పని నేర్చి, ఆపైన ఒక పెద్ద కర్మాగారంలో ఏడాదిపాటు అప్రెంటిసుగా ఉన్నవాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో అఖిలభారత స్థాయి పరీక్షలో ఉత్తీర్ణుడైనట్లు ఒక పత్రం, దానితోబాటు శిక్షణకు ముందు అతని చేతా, తండ్రి చేతా సంతకాలు పెట్టించుకొన్న ఒప్పందపు నకలు. ఆ నకలులో ఒక వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది.

"మాస్టారూ, ఈ ఇంగ్లీషు వాక్యానికి అర్థం చెప్పండి. మా సూపర్‌వైజరుగారు ఇది చూపించి, ఇక రానక్కరలేదన్నారు" అన్నాడు.

నిఘంటువు అవసరం లేని వాక్యమే. శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిసుకు ఉద్యోగమివ్వవలసిన బాధ్యత యజమానికి లేదు. ఇచ్చిన ఉద్యోగాన్ని స్వీకరించవలసిన బాధ్యత అప్రెంటిసుకూ లేదు. ఇదీ దాని తాత్పర్యం. రెండవ సగం వినగానే వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇన్నేండ్లుగా గుర్తున్నది.

ఐటిఐలో చేరమని సలహా చెప్పినవాణ్ణి నేనే. చేతిలో పని ఉన్నవాడికి అన్నం దొరక్కపోదని ఆ తండ్రికి నచ్చజెప్పినవాణ్ణీ నేనే. అందుచేత ఆ వాక్యం ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకోవాలన్న కోరిక అప్పటినుండీ ఉన్నది. పదవీ విరమణానంతరం తీరిక చిక్కింది. ఈ టపా ఆ వెదుకులాటలో దొరికినది. న్యాయశాస్త్రం చదివిన మిత్రులు నా తప్పులు దిద్దగలరు.

పండితశిక్షణ పొందినవాణ్ణి గనుక, ముందు నాకు తెలిసిన చోటనే వెదికాను. పని నేర్చుకొనేవానికి సంస్కృతంలో "అంతేవాసి" అని పేరు. దగ్గర నివసించేవాడని అర్థం. మనం దానిని వేదవిద్యార్థికే పరిమితం చేసి వాడుతుంటాం గాని, నారదస్మృతిలో శిష్యుడు వేరు, అంతేవాసి వేరు. శిష్యుడు వేదం చదివేవాడు. అంతేవాసి శిల్పం, అనగా చేతిపని, నేర్చేవాడు. చేస్తానని ఒప్పుకొన్న సేవ చేయకపోవడాన్ని ధర్మశాస్త్రాలు "అభ్యుపేత్యాశుశ్రూష" అనే వ్యవహారపదంగా విచారిస్తాయి. ఆ ప్రకరణంలోనే నారదుడు శిష్యుణ్ణీ, అంతేవాసినీ, కూలివానినీ, పనిమీద పెత్తనం చేసేవానినీ కలిపి నలుగురినీ "కర్మకరులు" అన్నాడు. ఈ మాటను పాఠకులు మనసులో ఉంచుకోవాలి. దీనితో ముందు పని ఉన్నది.

పని నేర్వదలచినవాడు బంధువుల అనుమతితో, ఎంతకాలమో ముందే నిశ్చయించుకొని ఆచార్యుని ఇంట ఉండాలట. ఆచార్యుడు వానికి అన్నం పెట్టాలి, కొడుకులా చూడాలి, వేరే చాకిరీ చేయించరాదు. పని నేర్పక ఇతర పనులు చేయించేవానికి దండనం ఉండాలని కాత్యాయనుడు. ఈ ధర్మాలను మరీ మెచ్చుకోనక్కరలేదు. గడువుకు ముందే పని వచ్చేసినా గడువు తీరేదాకా ఉండవలసిందే, ఆ కాలంలో వాడు చేసిన పని ఫలమంతా గురువుదే అని యాజ్ఞవల్క్యుడు స్పష్టంగా చెప్పాడు. దోషం లేని గురువును విడిచిపోయినవాణ్ణి కొట్టి, కట్టి తేవచ్చునని కూడా ఉన్నది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే మన కేతన "విజ్ఞానేశ్వరీయము"గా పద్యాలలో తెచ్చాడు. అనగా ఈ రకపు వ్యవహారచింతన తెలుగువారికి కొత్త కాదు.

నన్ను ఆపిన చోటు వేరు. గడువు తీరిన తరువాత అంతేవాసి ఏమి కావాలి? గురువుకు ప్రదక్షిణం చేసి, శక్తికొలది సత్కరించి, సెలవు పుచ్చుకొని ఇంటికి పోవాలని నారదుడు మొదట చెప్పాడు. వెంటనే ఇంకొక మార్గం కూడా చెప్పాడు. శిష్యుని నేర్పును గమనించి జీతం నిశ్చయించుకొని ఉంటే వాడు ఆ జీతం తీసుకోవాలి, మరొకరి ఇంటికి పోరాదు. శిక్షణ ముగిసిన మరునాటి సంగతి ఆ కాలంలోనే ఒకరికి తోచిందన్నమాట. అయితే ఇది ఆనాటి సమస్యల్లో పెద్దది కాకపోవచ్చు. కులవృత్తుల లోకంలో కమ్మరి కొడుకు కొలిమి దగ్గరే పెరుగుతాడు. తండ్రి సుత్తి కొడుకు చేతికి వస్తుంది. వానికి "మరునాడు" అనేదే లేదు. ఆ కొలిమి దగ్గరకు రానివ్వని కులాలవారికి మొదటి రోజే లేదు.

ఇక ఇంగ్లండు. అక్కడ 1563లో వచ్చిన కార్మికుల శాసనం పని నేర్చుకోవడానికి కనీసం ఏడేండ్లు పెట్టింది. ఏడేండ్లు ఒకరి దగ్గర చేయనివాడు ఆ వృత్తి చేపట్టడానికే వీలులేదు. ఆడం స్మిత్ 1776లో ఈ పద్ధతిని తూర్పారబట్టాడు. 1814లో ఆ నిబంధనను తీసివేశారు. ఆయన వాదంలో న్యాయం లేకపోలేదు. కాని ఒక్క మాట. ఆ శాసనం కింద ఏడేండ్లు పూర్తిచేయడమే వృత్తిలోకి ప్రవేశం. మరునాటినుండి వాడు రోజుకూలికి పనిచేయగల పూర్తి పనివాడు. కంచె తీసివేసినప్పుడు, కంచె లోపలివానికి ఉన్న ఆ భరోసా కూడా పోయింది.

మన దేశానికి ఈ చట్టం వచ్చిన దారి వేరు. 1850లో కంపెనీ ప్రభుత్వం చేసిన అప్రెంటిసుల చట్టం ముఖ్యంగా అనాథలనూ, ధర్మసంస్థల్లో పెరిగే పేదపిల్లలనూ ఉద్దేశించినది. పదేండ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తండ్రి గాని సంరక్షకుడు గాని ఒక పనిలో కట్టుబడి పెట్టవచ్చు. ఏడేండ్లకు మించరాదు, ఇరవై ఒక్కటి దాటరాదు. ఆడపిల్ల అయితే పెండ్లితో సరి. పెరిగి పెద్దయ్యాక పిల్లలకు జీవనోపాధి కలగడమే దాని లక్ష్యమని పీఠికలోనే ఉన్నది. ఆ జీవనోపాధి ఎవరివ్వాలో మాత్రం లేదు.

తరువాతి శతాబ్దిలో పని నేర్పిన అసలు బడులు రైల్వే వర్క్‌షాపులు. నేటి బీహారులోని జమాల్‌పూరులో 1862లోనూ, మన సికిందరాబాదు లాలాగూడలో 1893లోనూ ఇవి వెలిశాయి. రైలు తనకు కావలసిన ఫిట్టర్లనూ, టర్నర్లనూ, బాయిలరు పనివారినీ బజారులో కొనలేదు. అటువంటివారు బజారులో లేరు. కనుక తానే తయారుచేసుకొన్నది. ఉద్యోగాల లెక్క ముందు, కుర్రవాణ్ణి చేర్చుకోవడం తరువాత. ఈ వరుసక్రమం ముఖ్యం. ఎంతమంది అవసరమో తెలిసినచోట శిక్షణకూ ఉద్యోగానికీ మధ్య అగడ్త ఉండదు. (మన వాడుకలోని "మేస్త్రీ" పోర్చుగీసువారి మాట, గురువు, నేర్పరి అని అర్థం. కట్టడం పనిలో నేటికీ మేస్త్రీయే పని నేర్పేవాడు, అతడే పని ఇప్పించేవాడు. రెండు బాధ్యతలూ ఒకే మనిషి మీద ఉండడంలో ఎంత దోపిడి ఉన్నా, కుర్రవాడు ఎవరిని అడగాలో వాడికి తెలుసు.)

రెండవ ప్రపంచయుద్ధం ఈ వరుసను తలకిందులు చేసింది. ఆయుధ కర్మాగారాలకు పనివారు కావలసివచ్చి 1940లో ప్రభుత్వం దేశమంతటా సాంకేతిక శిక్షణకు పూనుకొన్నది. బ్రిటిషు కార్మికమంత్రి బెవిన్ పేరిట 1941నుండి మన కుర్రవాళ్లను జట్లు జట్లుగా ఇంగ్లండు పంపి పని నేర్పించారు. యుద్ధం ముగిసేసరికి పని నేర్చినవారు మిగిలారు, పని మిగలలేదు. సైన్యంనుండి విడుదలైనవారికీ, యుద్ధకార్మికులకూ దారి చూపడానికి 1945లో ఒక డైరెక్టరేటు ఏర్పడింది. దేశవిభజన కాందిశీకులు కూడా దాని భుజాలమీద పడ్డారు. ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీలు ఆ విధంగా పుట్టినవే. అవి పుట్టినది ఉద్యోగాలు సృష్టించడానికి కాదు, నమోదు చేయడానికి. మా తరంవారికి ఈ తేడా అనుభవంలో బాగా తెలుసు. 1950లో ఆ డైరెక్టరేటే చేతివృత్తుల శిక్షణపథకం ప్రారంభించి నేటి ఐటిఐలకు పునాది వేసింది. వి.వి.గిరిగారు కేంద్ర కార్మికమంత్రిగా ఉన్న కాలంలో నియమితమైన శివరావు సంఘం సిఫారసు మేరకు ఐటిఐల, ఎక్స్ఛేంజీల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు దక్కింది. ఏ రోజున అంటే, 1956 నవంబరు 1న. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజున పుట్టిన పసిరాష్ట్రం చేతిలో ఇవీ పెట్టారు.

ఐటిఐలో పనిముట్ల పరిచయం అవుతుంది. కర్మాగారపు వేగం, జత పనివారితో నడత, చెడిన యంత్రం ముందు నిలబడి ఆలోచించడం, ఇవి అక్కడ రావు. ఈ లోపం పూరించడానికే 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. 1962 మార్చి 1నుండి అమలు. నిర్ణీత వృత్తులలో ఇంతమంది పనివారికి ఇంతమంది చొప్పున అప్రెంటిసులను తీసుకొనితీరాలని యజమానులను నిర్బంధించారు. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులనూ, డిప్లొమావారినీ, 1986లో ఇంటర్ స్థాయి వృత్తివిద్యార్థులనూ చేర్చారు. తీసుకోవడం నిర్బంధం, నేర్పడం నిర్బంధం, భత్యం చెల్లించడం నిర్బంధం. ఆపైన వచ్చే ఇరవై రెండవ విభాగం దగ్గర నిర్బంధం ఆగిపోయింది. మా వాడు ఎర్రగీతతో తెచ్చిన వాక్యం దానిదే.

ఇంకొక విభాగం, పద్దెనిమిదవది, అప్రెంటిసు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు, కార్మికచట్టాలు అతనికి వర్తించవు అన్నది. నారదుడు కర్మకరుల పట్టికలో చేర్చినవాణ్ణి 1961 చట్టం ఆ పట్టికనుండి తొలగించింది. తరతమాలు చూసేవారు చూడవచ్చు.

న్యాయంగా చెప్పాలంటే, ఇరవై రెండవ విభాగానికి రెండవ ఉపవిభాగం ఒకటి ఉన్నది. శిక్షణానంతరం యజమాని దగ్గర పనిచేయాలని ఒప్పందంలోనే షరతు ఉన్నట్లయితే, యజమాని తగిన ఉద్యోగం ఇచ్చితీరాలి, అప్రెంటిసు చేసితీరాలి. నారదుడి రెండవ మార్గం ఇదే కదా అని చదువుతూ ఆశ్చర్యపోయాను. అనగా చట్టం తలుపు మూయలేదు. తాళంచెవి యజమాని జేబులో పెట్టింది. షరతు రాయడమో మానడమో అతని ఇష్టం. ఏమీ రాయకపోతే, "లేదు" అని అర్థం. మా వాడి ఒప్పందంలో ఏమీ రాయలేదు.

ఫలితం ఊహించడం కష్టం కాదు. ప్రతి సంవత్సరం కొత్త జట్టు వస్తుంది, పాతజట్టు పోతుంది. భత్యం జీతంకంటె తక్కువ. పని కొంత నేర్చినవాడు వెళ్లి, ఏమీ రానివాడు వస్తుంటే యజమానికి నష్టం కాదా అని ఒకప్పుడు అనుకొనేవాణ్ణి. నాలుగు నెలల్లో వచ్చే పనులకే అప్రెంటిసులను పెట్టుకొనే చోట ఆ నష్టం లేదని మా వాడే చెప్పాడు. వాడు ఏడాదిలో ఎక్కువ భాగం ఒకే యంత్రం దగ్గర నిలబడ్డాడు.

ఈ మరునాటి తగాదా సర్వోన్నత న్యాయస్థానం చేరింది. ఉత్తరప్రదేశ్ రోడ్డురవాణా సంస్థలో శిక్షణ పొందినవారు నిరుద్యోగుల సంఘంగా ఏర్పడి వ్యాజ్యం వేశారు. 1995 జనవరి 12న తీర్పు వచ్చింది. (ఆ సంఘం పేరులో అప్రెంటిసుకు "శిశిక్షు" అనే హిందీమాట ఉన్నది, న్యాయనివేదికల్లో అది అక్షరాలు చెదిరి అచ్చయింది. "శిక్ష" అనే మాటకు మూలం "శక్" ధాతువు. చేయగలగాలనే కోరిక అని అర్థం. తెలుగులో ఆ మాట దండనకు స్థిరపడడం మన భాషాచరిత్రలో ఒక విషాదహాస్యం.) ఉద్యోగానికి చట్టం హామీ ఇవ్వదని ఆ తీర్పు ఒప్పుకొంటూనే, నాలుగు మాటలు చెప్పింది. ఇతర అర్హతలు సమానమైనపుడు బయటివారికంటె శిక్షణ పొందినవానికే మొగ్గు చూపాలి. ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీ ద్వారా పేరు రావాలన్న నియమం వారికి అక్కరలేదు. వయసు మించితే సంస్థ నియమాల ప్రకారమో, అవి లేనిచోట శిక్షణ కాలమంత మేరకో సడలించాలి. నాల్గవది నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచింది: శిక్షణ ఇచ్చిన సంస్థ, నేర్చినవారి జాబితాను సంవత్సరాలవారీగా ఉంచాలి, ముందు నేర్చినవారు ముందు.

జాబితా! ఎంత చిన్నపని! ఒక పుస్తకం, ఒక గుమాస్తా. బడిలో హాజరుపట్టీ రాసిన నావంటివానికి అది ఎంత సులభమో తెలుసు. 1998లో ఈ తీర్పు సంగతి ఒక న్యాయవాది మిత్రునివల్ల విని, మా వాణ్ణి వెంటబెట్టుకొని ఆ కర్మాగారపు ఆఫీసుకు వెళ్లాను. జాబితా ఉన్నదా అని అడిగాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడే, కుర్చీ వేశాడు. అటువంటిది తమ దగ్గర లేదన్నాడు. మా వాడి పేరూ, శిక్షణ పొందిన సంవత్సరమూ ఒక కాగితంమీద రాసి ఇచ్చి వచ్చాము. ఆ కాగితానికి జవాబు రాలేదు.

2000లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ సంస్థ అప్రెంటిసుల వ్యాజ్యంలో అదే న్యాయస్థానం, మొగ్గు చూపడమంటే పరీక్షనుండి మినహాయింపు కాదని తేల్చింది. రాతపరీక్షలో సమానంగా నిలిచినపుడే మొగ్గు. పరీక్షలకు చదివే కుర్రవాడు గది తలుపు మూసుకొని కూర్చుంటాడు. యంత్రం దగ్గర నిలబడినవాడు చేయి వాడిచేసుకొని బుర్రలోని బట్టీపాఠం మరచిపోతాడు. ఆ ఇద్దరూ ఎక్కడ సమానమవుతారు? తీర్పు చట్టప్రకారం సరియైనదే కావచ్చు, నేను వాదించను.

రైల్వేలోనే ఈ రెండు దారులూ పక్కపక్కన కనిపిస్తాయి. ఖాళీలకోసం పరీక్షపెట్టి ఎంచుకొన్న ట్రేడ్ అప్రెంటిసు శిక్షణ ముగియగానే ఉద్యోగంలో కుదురుకొంటాడు. 1961 చట్టం కింద వచ్చినవానిని వేరుచేసి "యాక్ట్ అప్రెంటిసు" అంటారు. ఒకే షెడ్డు, ఒకే నూనెమరకలు, ఒకే ఫోర్‌మన్. ఒకడికి మరునాడు ఉన్నది, రెండవవాడికి లేదు. పూర్వం కొన్ని జోన్లలో ఈ రెండవవారిని ప్రత్యామ్నాయ పనివారుగా తీసుకొని క్రమంగా స్థిరపరిచే ఆచారముండేది. తరువాత దాని స్థానంలో కిందిస్థాయి నియామకాల్లో 20 శాతం కేటాయింపు, దానికీ పరీక్ష వచ్చాయి. 2018 మార్చి 20 ఉదయం ముంబైలో మాటుంగా, దాదర్ స్టేషన్ల మధ్య శిక్షణ పొందిన యువకులు పట్టాలమీద కూర్చున్నారు. ఆఫీసులకు పోయే జనంతో నిండిన లోకల్ రైళ్లు గంటల తరబడి నిలిచిపోయాయి. ఆ 20 శాతం హద్దు తొలగించాలన్నది వారి కోరికలలో ఒకటి. జనాన్ని ఇబ్బందిపెట్టడం తప్పని పత్రికలు రాశాయి. తప్పే. టీవీలో ఆ ముఖాలు చూస్తూ నేను మాత్రం ఎర్రసిరా గీతను తలచుకొన్నాను.

పని నేర్పే విద్యకు పేరుపడిన జర్మనీలో ఈ మరునాటిని ఏమిచేశారో చూద్దామనిపించింది. పూర్వం అక్కడ పని నేర్చిన యువకుడు గురువు ఊళ్లో ఉండకూడదు. ఏండ్లతరబడి ఊరూరా తిరిగి పనిచేయాలి. గడువు మూడేండ్ల ఒక్కరోజు అని సంప్రదాయం. ఆధునిక కాలంలో 1969లో వచ్చిన వృత్తిశిక్షణ చట్టంలో ఒక చిన్న నిబంధన ఉన్నది. శిక్షణ ముగిశాక కూడా, ఏ ప్రత్యేక ఒప్పందమూ లేకుండానే కుర్రవాడు పనిలో కొనసాగితే, గడువులేని ఉద్యోగం ఏర్పడినట్లే భావించాలి. 2005లో చట్టం తిరగరాసినపుడు కూడా దీనిని నిలుపుకొన్నారు. ఇదీ హామీ కాదు. చివరిరోజున యజమాని "చాలు, వెళ్లు" అనవచ్చు. కాని అనాలి. నోరు విప్పి అనాలి. మౌనం అర్ధాంగీకారమని మనం సామెతగా చెప్పుకొంటాం. అక్కడ దానిని చట్టం పూర్ణాంగీకారం చేసింది. మన చట్టంలో యజమాని మౌనం నిరాకరణ. నేను చదివినదానిలో ఇంతకంటె పెద్ద తేడా నాకు కనబడలేదు. 2012లో అక్కడి లోహపరిశ్రమ కార్మికసంఘం ఇంకొక అడుగువేసి, శిక్షణ ముగించినవారిని గడువులేని ఉద్యోగంలోకి తీసుకోవడమే సాధారణ నియమంగా ఉండాలని యజమానులతో ఒప్పందం చేసుకొన్నది. అది ప్రభుత్వం ఇచ్చినది కాదు, సంఘం బేరమాడి తెచ్చుకొన్నది. మన అప్రెంటిసు కార్మికుడే కాడు గనుక అతనికోసం బేరమాడడం ఏ సంఘానికీ ముఖ్యం కాలేదు.

2014లో మన చట్టాన్ని సవరించారు. ఇరవై రెండవ విభాగంలోని ఆ వాక్యం పోయింది. దాని స్థానంలో, శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిసుల నియామకానికి ప్రతి యజమానీ తన సొంత విధానం రూపొందించుకోవాలి అని వచ్చింది. వ్యాకరణదృష్టితో చూస్తే వ్యతిరేకవాక్యం విధివాక్యమైనది, సంతోషించవలసినదే. కాని కర్మపదం చూడండి. యజమాని ఇవ్వవలసినది ఉద్యోగం కాదు, రూపొందించవలసినది విధానం. ఎవరినీ తీసుకోకపోవడం కూడా ఒక విధానమే కదా! 2016లో భత్యంలో నాలుగో వంతు, నెలకు 1500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించే పథకం వచ్చింది. 2019లో భత్యాలు పెంచారు, ముప్ఫైమందీ అంతకుపైనా పనివారున్న సంస్థలు 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిసులను తీసుకోవాలన్నారు. చేరికలు పెంచడానికి ఇవన్నీ మంచివే. అన్నీ మొదటిరోజు గురించినవి.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కర్మాగారం వానిని పిలవలేదు. అక్కడి వృద్ధ ఫోర్‌మన్ ఒకాయన, వీని చేతిపని చూసినవాడు, తనకు తెలిసిన చిన్న లేతుషెడ్డు యజమానికి ఒక మాట చెప్పాడు. వీడు అక్కడ పదకొండేండ్లు చేశాడు. తరువాత ఇద్దరు స్నేహితులతో కలిసి సొంత షెడ్డు పెట్టుకొన్నాడు. ఇప్పుడు తల నెరిసింది.

కిందటి సంక్రాంతికి వచ్చాడు. వెంట పంతొమ్మిదేండ్ల కుర్రవాడు. షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చాడట, కాగితం రాసిపెట్టమన్నాడు. "మన షెడ్డుకు ఏ చట్టమూ అంటదు మాస్టారూ, అయినా రాయండి. తెలుగులో రాయండి, వీళ్ల నాన్న చదువుకోవాలి" అన్నాడు. రాశాను. ఒక సంవత్సరం శిక్షణ, నెలకు ఇంత భత్యం, వారానికి ఒక సెలవు, ఏయే యంత్రాలమీద పని నేర్పుతారో వరుసగా. చివర, "సంవత్సరం ముగిసిన పిమ్మట, పని తృప్తికరముగా ఉన్నయెడల, ఇదే షెడ్డులో ఇంత జీతముపై కొనసాగించబడును" అని రాసి వినిపించాను.

వాడు కాసేపు ఆ వాక్యం వంక చూశాడు. "తృప్తికరముగా ఉన్నయెడల" అన్న రెండు మాటలూ కొట్టేయమన్నాడు. "పని రాకపోతే ఆ సంగతి నాకు నాలుగు నెలల్లో తెలుస్తుంది. అప్పుడే చెబుతాను, ఏడాది ఉంచుకొని చెప్పను" అన్నాడు. కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టించి, నకలు ఆ కుర్రవాడి చేతికిచ్చాను.